వెనక గదిలో ఉన్న ఫొటో

మార్కాపురంలో నేను పనిచేసిన ఫొటో స్టూడియోను నడిపే ఆమెను వదినా అని పిలిచేవాణ్ణి. ముందు కౌంటర్ మీద విండోస్ కంప్యూటర్, వెనక గదిలో లినక్స్ కంప్యూటర్ ఉండేవి. ఫొటోలన్నీ వెనకదాంట్లోనే. అవి ముందు కూడా తెరుచుకునేలా రెండింటినీ నెట్‌వర్క్‌తో కలిపాం. అయినా కౌంటర్ దగ్గర ఏ ఫొటో తెరిచినా, వదిన లేచివెళ్లి అది వెనక ఇంకా ఉందో లేదో చూసి వచ్చేది.

ఒకరోజు పెద్దారవీడు నుంచి ఒక పెద్దాయన, చనిపోయిన భార్య ఫొటో కోసం వచ్చాడు. కౌంటర్ కంప్యూటర్లో ఫొటోల ఫోల్డర్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పని చూపిస్తోంది.

"కంప్యూటర్ పాస్‌వర్డ్ వేరు, ఫొటోల షేరింగ్‌ది వేరు వదినా," అంటూ వెనక గదిలోకి వెళ్లి షేరింగ్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టి వచ్చాను. అప్పుడు ఆయన భార్య ముఖం తెర మీదికి వచ్చింది.

వదిన ఎప్పట్లాగే వెనక్కి పోయి చూసి వచ్చింది.

"ఈడికొచ్చింది, ఆడా ఉంది. ఇంతకీ యాడున్నట్టబ్బా?"

"ఆడనే ఉంది వదినా. ఈడ కనిపిస్తా ఉంది, అంతే."

"కనిపిస్తా ఉంటే ఉన్నట్టు గాదా?"

అంతా వింటున్న పెద్దాయన లేచాడు.

"ఆ గది యాడుంది తల్లీ?"

వదిన ఆయన్ని తీసుకెళ్లి, అక్కడి తెర మీద కూడా ఫొటో తెరిచింది. ఆయన దాని ముందు నిలబడిపోయాడు. ప్రింటు వచ్చి చాలాసేపైనా మేమిద్దరం ఆయన్ని పిలవలేదు.