నీళ్లు కలవని సీసా

బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్న ఆ రోజుల్లో (మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటాం) పనిలేని కుర్రాళ్లు పగలంతా టీకొట్ల దగ్గర కూర్చునేవారు. నేను గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. వాళ్ల సంపాదనా నా సంపాదనా ఒకటే అయినా, నా పద్ధతిలో కొంత గౌరవం ఉందని నా అభిప్రాయం. ఇంటర్ తప్పాక నా అసలు చదువు అక్కడే సాగింది. బీరువాలో చేతికి అందిన వరసలోనే చదివేవాణ్ణి కాబట్టి మా ఇంట్లో వారానికో విజ్ఞానం అమలయ్యేది. తేనెటీగల పెంపకం చదివిన వారం అవ్వ (అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం) చెయ్యి వాచింది. గడియారాల మరమ్మతు చదివిన వారం నుంచి మా ఇంట్లో టైమ్ పక్కింటి వాళ్లను అడిగి తెలుసుకుంటున్నాం. "గీ వారం ఏం సదువుతున్నవ్ రా?" అని బాపు అడిగేది ఆసక్తితో కాదు, ముందే జాగ్రత్తపడదామని.

ఒక ఎండాకాలం నా చేతికి ఔషధ వృక్షాల పుస్తకం వచ్చింది. అందులో నీలగిరి చెట్టు దగ్గర నేను ఆగిపోయాను. బొగ్గు తీసి పోసిన మట్టిగుట్టల మీద కంపెనీ నాటించిన నీలగిరి చెట్లు మా ఊరి చుట్టూ బోలెడు. వాటి ఆకుల్లో ఇంత వైద్యం దాగుందని ఎవరికీ తెలియదు, ఒక్క నాకు తప్ప! వేడినీళ్లలో రెండు మూడు చుక్కలు వేసి, కళ్లు మూసుకుని ఆవిరి పడితే దిబ్బడ వేసిన ముక్కు తెరుచుకుంటుంది. నువ్వుల నూనెలో కలిపి రుద్దితే కీళ్ల నొప్పి నెమ్మదిస్తుంది. బట్టల మీది గ్రీజు మరక కూడా పోతుంది. తర్వాతి పేజీలో జాగ్రత్తలున్నాయి: తాగకూడదు, అది విషం, ఏమీ కలపకుండా ఒంటికి పూయకూడదు, పసిపిల్లల ముక్కు దగ్గరికి తేకూడదు, మంటకు దూరంగా ఉంచాలి. రెండు పేజీలూ కంఠతా పట్టి వాడకట్టులో ప్రచారం మొదలుపెట్టాను. మొదటి పేజీ చెబుతుంటే జనం దగ్గరికి జరిగేవారు. రెండో పేజీ మొదలుపెట్టగానే వాళ్లకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. పక్కింటి చిన్నమ్మ పసిపాపకు జలుబు చేసిందని, "నూనె తీసినంక ముక్కుల ఒక్క సుక్క ఎయ్యి బిడ్డా" అని ముందుగానే అడిగిపెట్టింది. వద్దు, పసిపిల్లలకు ఊపిరి ఆడదు అన్నాను. "ఇయ్య బుద్ధి లేకుంటే లేదను. నడిమిట్ల పుస్తకమెందుకు?" అని మూతి తిప్పుకుంది.

నా మాట పూర్తిగా విన్నవాడు ఒక్కడే, అవ్వ తమ్ముడు. ఊరంతా ఆయన్ని నీళ్ల మామ అనేవారు. గుడుంబా, అంటే నాటుసారా, తాగడంలో ఆయనకొక నియమం ఉంది: నీళ్లు కలపకుండా చుక్క ముట్టడు. "ఉత్తది తాగేటోడు మూర్ఖుడు అల్లుడా, పేగులు కాలుతయ్" అని తన తోటివాళ్లకు ఆరోగ్య బోధ చేసేవాడు. నీలగిరి తైలం నేరుగా పూయకూడదని నేను చెబితే చేతిలో చెయ్యి వేశాడు. "కరెక్టు! నువ్వు నూనె కలుపుమంటవ్, నేను నీళ్లు కలుపుమంట. మనిద్దరిదీ ఒక్కటే శాస్త్రం."

అసలు నా తొందరకు కారణం బాపు మోకాళ్లు. ఏళ్ల తరబడి బాయిలోకి దిగి ఎక్కి అవి అరిగిపోయాయి. డాక్టర్లు ఆయన్ని ఇక పనికిరాడని తేల్చారు. ఆ నౌకరి నాకిచ్చే కాగితాలు అప్పుడే కదులుతున్నాయి. పోలీసుల దగ్గర నా పేరు మీద ఏ కేసూ లేదని తేలితే చాలు. ఈలోగా ఆయన మోకాళ్లకు నా చేతులతో తీసిన తైలం రాయాలని నా కోరిక. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. అవ్వ పెండ్లిళ్లకు వాడే పెద్ద బగోనె తెచ్చి, ఇంటి వెనక పొయ్యి మీద పెట్టి, నిండా ఆకు దట్టించి నీళ్లు పోశాను. మూతకు చిల్లు పొడిచి రాగి పైపు బిగించాను. అంచు చుట్టూ గోధుమపిండి మెత్తాను. పైపును చల్లనీళ్ల బకెట్టులోంచి దాటించి, చివర సీసా పెట్టాను. (ఇది చదువుతుంటే మీకేం గుర్తొస్తోందో నాకు తెలుసు. వాడకట్టులో అందరికీ అదే గుర్తొచ్చింది. తట్టనిది నాకొక్కడికే.) రోజంతా మంట పెడితే వచ్చిన నీళ్ల మీద పొరలాగా తేలిన నూనెను జాగ్రత్తగా వేరుచేసి సీసాలో పోస్తూ వచ్చాను. మా వాడలో ఖాళీ సీసా అంటే క్వార్టర్ సీసానే కాబట్టి దాంట్లోనే పోశాను. దాని మీద కాగితం అంటించి, పెద్ద అక్షరాలతో 'తాగరాదు' అని రాశాను.

సీసా సగం నిండిన రోజున ఎక్సైజ్ జమేదారు ఒక జవానును వెంటబెట్టుకుని పెరట్లోకి వచ్చాడు. పొయ్యి చూశాడు, పైపు చూశాడు, సీసా చూశాడు. చివరికి నా కాగితం చదివి మురిసిపోయాడు. "తాగద్దని రాసినవంటే తాగేదే గదరా?"

"సార్, ఇది నీలగిరి తైలం. జీర్ణకోశానికి హానికరం. గ్రంథాలయంలో..."

"అట్లనా? సారా కాదంటున్నవ్ గదా. ఒక్క గుటక తాగి సూపెట్టు, మేం పోతం."

జీవితంలో అంత సులువైన పరీక్ష, అంత కష్టమైన పరీక్ష నాకు మళ్లీ ఎదురుకాలేదు. తాగితే ప్రాణం మీదికి వస్తుంది, తాగకపోతే కేసు. నేను రెండో పేజీ మొత్తం అప్పజెప్పాను. జమేదారు ఓపికగా విని జవాను వైపు తిరిగాడు. "సూసినవా? తాగుమంటే భయపడుతుండు. అంత గట్టిదన్నట్టు." తర్వాత కాగితం చుట్టి, సీసాలో ముంచి అగ్గిపుల్ల గీశాడు. మంటకు దూరంగా ఉంచాలి సార్ అని నేను అరుస్తూనే ఉన్నాను. భగ్గుమని లేచిన మంటకు ఆయన ఎగిరి వెనక్కి దూకి, నా చల్లనీళ్ల బకెట్టులో కాలు పెట్టాడు. తడిసిన బూటుతోనే విజయగర్వంగా అన్నాడు: "మండింది! ఇంకేం గావాలె?"

అప్పుడే ఆఫీసులో నా నౌకరి కాగితాల సంగతి కనుక్కుని బాపు కుంటుకుంటూ వచ్చాడు. సంగతి విని తలకు చుట్టిన రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా పోరడు సదువుకునేటోడు సారూ. కేసైతే వాని నౌకరి పోతది. జర సూడుండ్రి."

"సదువుకున్నోడు గనుకనే పైపు గింత మంచిగ బిగించిండు" అన్నాడు జమేదారు. (నా పనితనాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ స్థితిలో కూడా కొంచెం సంతోషించాను.)

పంచనామాకు సాక్షి కావాలని జవాను వాడకట్టులో కేకేస్తే ఒక్క తలుపు తెరుచుకోలేదు. నీళ్ల మామ మాత్రం పిలవకముందే గోడ దిగి వచ్చాడు. అంతా విని, సీసాను ఎండకెత్తి చూసి, గంభీరంగా అన్నాడు: "సంతకం పెడ్త సారూ. గానీ రుసి సూడకుంట సారా అని ఎట్ల పెడ్త? దొంగసాక్ష్యం పాపం గదా."

జమేదారుకు ఆ మాటలో న్యాయం కనిపించింది. మామ గ్లాసులో రెండు వేళ్లంత పోసుకున్నాడు. నేను ముందుకు దూకబోతే జవాను రెక్క పట్టుకున్నాడు. "మామా, విషమే! తాగకు, సస్తవ్!" అని గొంతు చించుకున్నాను. కేసు సంగతి, నౌకరి సంగతి ఆ క్షణాన నిజంగానే మరిచిపోయాను. మామ నన్ను జాలిగా చూశాడు. "పరేషాన్ కాకు అల్లుడా. ఉత్తది తాగుతనా నేను? అక్కా, జరన్ని నీళ్లియ్యి."

అవ్వ చెంబు ఇవ్వకుండా గట్టిగా పట్టుకుంది. మామ బకెట్టులోంచే పుడిసెడు నీళ్లు గ్లాసులో పోసుకుని తిప్పాడు. ఆగి చూశాడు. మళ్లీ తిప్పాడు. నీళ్లు కిందికి దిగాయి, నూనె పైకి తేలింది. వేలు పెట్టి గిలక్కొట్టాడు. తెల్లగా కలిసినట్టే కలిసి మళ్లీ విడిపోయింది. ఆయన ముఖంలో అంత దుఃఖం నేనెన్నడూ చూడలేదు.

"సారూ, గిది కలుస్తలేదు" అన్నాడు. "నా జిందగీల నీళ్లల్ల కలువని సారా సూడలే. నేను తాగ. సంతకం గూడ పెట్ట." గ్లాసు అరుగు మీద పెట్టి, పక్కకు తిరిగి కూర్చున్నాడు.

జమేదారు గ్లాసును తానే రెండుసార్లు కలిపి చూశాడు. వాసన చూస్తే కళ్ల వెంట నీళ్లు కారాయి. ఎన్నాళ్లుగానో బిగుసుకున్న ముక్కు తెరుచుకుందో ఏమో, గాఢంగా ఒక ఊపిరి తీశాడు. "శాంపిల్ కింద తీస్కపోతున్నం" అని గ్లాసులో తేలిన నూనె కూడా సీసాలోకి వంచి, దాన్ని జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు. దేంట్ల కలుపాలంటివి?" రెండో పేజీని ఒక మనిషి తనంతట తాను అడగడం అదే మొదలు. నేను ఎంత వివరంగా చెప్పానంటే, చివరికి ఆయనే టైమ్ చూసుకుని, కేసు రాయకుండానే వెళ్లిపోయాడు. బాపు మోకాళ్లకు మాత్రం చుక్క మిగలలేదు. "పోనీ రా, కాళ్లు నొచ్చినా నువ్వు ఇంట్లున్నవ్, గంతే సాలు" అన్నాడాయన.

నౌకరి వచ్చింది. బాపు పోయాడు, మామ కూడా పోయాడు. ఎన్ని నీళ్లు కలిపినా ఆయన పేగులు ఊరుకోలేదు. ఇప్పుడు మోకాళ్ల వంతు నాది. మందుల షాపులో చిటికెన వేలంత సీసా కొని తెచ్చుకుంటాను. దాని మీది చిన్న అక్షరాలను కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదువుతుంటే ఇంట్లో వాళ్లు ఒక్కొక్కరే లేచిపోతారు. అందరూ వెళ్లాక గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేసి, వేలితో తిప్పి చూస్తాను. "ఏం సూస్తున్నవ్ అంతసేపు?" అంటుంది మా ఆవిడ వంటింట్లోంచి. కల్తీ ఉందేమోనని, అంటాను. చుక్క పైకి తేలుతుంది. అరుగు మీద అటు తిరిగి కూర్చున్న మామ వీపు గుర్తొస్తుంది. నవ్వుకుని, ఆ నీళ్లు పారబోసి, నువ్వుల నూనె అందుకుంటాను.