పెద్ద బండి మీద మామయ్య

పెళ్లి సంబంధాలు చెడగొట్టుకున్నవాళ్లు మా ప్రాంతంలో చాలామందే ఉన్నారు. జాతకాలు కుదరక కొందరు, నోరు కుదరక కొందరు. మోటారు సైకిలు నడుపుతూ, అదీ ఇంకొకరి మోటారు సైకిలు నడుపుతూ, తన సంబంధం మీదికి తానే చక్రం ఎక్కించుకోబోయిన ఘనత మాత్రం నాకొక్కడికే దక్కుతుంది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నాకేమీ అభ్యంతరం లేదు, మా ఇంట్లో అందరూ ఎప్పుడో మొదలుపెట్టారు.

పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట. ఏలూరు బజారులో మాకు ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. మేకులు, గొలుసులు, గడియలు అమ్మే ఇంట్లో పుట్టినవాడికి ఇనుమంటే విరక్తి కలగాలి. నాకేమో కదిలే ఇనుము మీద పిచ్చి పట్టింది. మా వీధి డాక్టరుగారు బాగా ఒళ్లు చేసి, తన రేసు మోటారు సైకిలు ఇక తనను మోయలేదని తేల్చుకుని కారు కొనుక్కున్నారు. నాన్నను ఏడిపించి ఆ బండిని నేను తెచ్చుకున్నాను. రెండు వందల యాభై సి.సి. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉండేది. దాని మీద వంగి కూర్చుంటే దూరం నుంచి చూసేవాళ్లకు నేను రేసులకు పోతున్నట్టూ, దగ్గరివాళ్లకు కడుపు నొప్పితో పోతున్నట్టూ కనిపించేవాణ్ణి.

మంచి బండి అండీ. అబద్ధం చెప్పకూడదు. మేకపిల్లలా ఉండేది. ఇటు తిరగాలని మనసులో అనుకుంటే చాలు, చేతులు కదపకముందే తిరిగేది. గేదె అడ్డం వస్తే దాని తోకకూ కొమ్ముకూ మధ్య నుంచి దూరిపోయేది. కానీ ప్రతిదానికీ ఫిర్యాదే. గట్టు ఎక్కాలంటే కీచుమనేది, ఎదురుగాలి వస్తే మూలిగేది, నేను పులిహోర రెండోసారి వడ్డించుకున్న సంగతి కూడా దానికి తెలిసిపోయేది. వెనక ఎవరైనా ఎక్కితే నడుము కుంగేది. వాళ్లు దిగితే తాడు తెంచుకున్న దూడలా ముందుకు దూకేది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మామయ్యగారింటి ఇంజను అంతకన్నా రుచి. అమ్మ తమ్ముడైన మామయ్యకు తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు ఉండేది. ఆయన కొడుకు సూర్యం బావ మద్రాసు నుంచి ఒక పెద్ద రేసు బండి తెప్పించాడు. అయిదు వందల సి.సి. అది అరవదు. రోట్లో రోకలి పడ్డట్టు ఒక్కొక్క దెబ్బా తీరిగ్గా, లోతుగా వేస్తుంది. పక్కన నిలబడితే ఆ దెబ్బలు చెవికి కాదు, కడుపుకు వినిపిస్తాయి. బావ నన్ను వెనక దిండు మీద తప్ప ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. ఎన్నిసార్లు అడిగినా, చిన్న బండికి అలవాటు పడ్డ మణికట్టు దీనికి పనికిరాదనేవాడు. నేను మిల్లు అరుగు మీద కూర్చుని ఆ బండిని ఎలా చూసేవాణ్ణంటే, మామయ్య కూతురు రాజ్యం ఒకసారి మజ్జిగ తెచ్చి, నా ఎదుట చాలాసేపు నిలబడి, చివరికి ఆ గ్లాసు బండి ముందు పెట్టి వెళ్లిపోయింది.

రాజ్యం సంగతి కూడా చెప్పాలి. పెద్ద బండిని చూడటానికని నేను గూడెం వెళుతున్నానని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆమె ఊళ్లో లేని రోజున వెళితే బండి ఎందుకో చిన్నదిగా కనిపించింది. అప్పుడు నా జబ్బు నాకు అర్థమైంది. ఒకటి కాదు, రెండు. రెండూ మామయ్య ఇంట్లోనే ఉన్నాయి. రెండింటినీ అడిగే ధైర్యం నాకు లేదు.

ఇంతలో కొల్లేటి గట్టున ఉండే చిన్నమామయ్య ఉండి అనే ఊరి నుంచి రాజ్యానికి సంబంధం తెచ్చాడు. ఆయన కొత్తగా కట్టిన ధాన్యం కొట్టు తెరిచే రోజున అందరూ అక్కడ కలిసి, ఆ సంబంధం ఖాయం చేసుకోవాలని అనుకున్నారు. ఆడవాళ్లు ముందురోజే ఎడ్లబండి కట్టుకుని వెళ్లిపోయారు. మామయ్యను తీసుకువెళ్లవలసిన సూర్యం బావకు సరిగ్గా ఆ ఉదయమే మిల్లు ఇంజను మొరాయించింది. అప్పటికి నేను గూడెంలోనే ఉన్నాను. ఎందుకున్నానని అడగకండి.

బావ నా చిన్న బండిని చూశాడు, మామయ్య పొట్టను చూశాడు, పెద్ద బండి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"నిదానం కామేశం. ఇది నీ బండి లాంటిది కాదు, నీకేమీ చెప్పదు. నువ్వే కనిపెట్టుకోవాలి," అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో అప్పుడు నాకు తెలిసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మామయ్య ఎక్కారు. రెండు ధాన్యం బస్తాల మనిషి. నా బండి అయితే ఆ క్షణంలోనే ప్రాణం విడిచేది. పెద్ద బండి పట్టించుకోలేదు. మణికట్టు ఒక్క వేలెడు తిప్పాను. బండి ముందుకు పోయినట్టు లేదండీ, గూడెమే వెనక్కి పోయినట్టుంది. చిన్న బండి మీద రోడ్డులోని ప్రతి రాయీ పేరు చెప్పి పలకరించేది. దీని మీద రాళ్లు లేవు, గుంటలు లేవు, బరువు లేదు. మలుపుల దగ్గర మాత్రం పెద్దమనిషిని బతిమాలినట్టు బతిమాలితే గాని తిరిగేది కాదు. గణపవరం దాటేసరికి నాకు మీసాలు మొలిచినంత గర్వం వచ్చింది. నాకు అప్పటికే మీసాలున్నాయి. వాటి పైన ఇంకో జత అన్నమాట.

కాలువ లాకు దగ్గర గడ్డి బళ్లు అడ్డం వచ్చాయి. ఇంజను ఆపకుండా కాసేపు నిలబడ్డాను. మామయ్య నా వెనక ఏదో అన్నారు. నాకు "సాగరా" అని వినిపించింది. బళ్లు తప్పుకున్నాయి, నేను సాగాను. ఆయన అన్నది "ఆగరా, చెప్పు జారింది" అని తరవాత తెలిసింది. ఆయన దిగి, చెప్పు కోసం వంగి, తల ఎత్తి చూసేసరికి ఎదుట దుమ్ము మాత్రమే ఉందట. రెండు బస్తాల బరువు దిగిపోతే ఏ బండికైనా తెలియాలి కదా అని మీరంటారు. నా చిన్న బండికి తెలిసేది, ఎగిరి గంతేసి నాకు చెప్పేది. పెద్ద బండికి మామయ్య ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అక్కడి నుంచి కొల్లేరు కనబడటం మొదలైంది. నీళ్లంతా వెండి, ఒడ్డున కిక్కిస గడ్డి గాలికి ఒక పక్కకు వాలుతోంది, గూడబాతులు లేచి మళ్లీ కూర్చుంటున్నాయి. కింద ఇంజను తీరిగ్గా కొట్టుకుంటోంది. నా గుండె కూడా దాని తాళానికి కుదురుకుంది. చిన్న బండి మీద గూడెం వస్తూ, మామయ్యతో చెప్పవలసిన మాట ఎన్నిసార్లు పైకి అని చూసుకోబోయానో. దాని కీచులో మాట మొదలుపెట్టడమే కష్టం, పూర్తి చేయడం ఇంకా కష్టం. ఆ రోజు మాత్రం మాటలు వాటంతట అవే వచ్చాయి. ముందుకు చూస్తూనే, గాలికి వినబడాలని గొంతెత్తి మొదలుపెట్టాను.

రాజ్యాన్ని నాకు ఇవ్వమని అడిగాను. ఉండి వాళ్లకు భూములున్నాయి, నాకు మేకులున్నాయి అని ఒప్పుకున్నాను. ఆమె నవ్వితే మా కొట్లో తుప్పు కూడా మెరుస్తుందని చెప్పాను. వంట రాదని అత్తయ్య బెంగపడుతోంది కదా, నేను నేర్చుకుని వండి పెడతానన్నాను. ఇంకా చాలా చెప్పాను. మధ్యమధ్య ఆగి, మామయ్య కోప్పడతారేమోనని చెవి ఒగ్గాను. ఆయన ఒక్క మాట అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ వేగంలో నాకది పూర్తి అంగీకారంగానూ, చివరి మైలు వచ్చేసరికి ముహూర్తంగానూ వినిపించింది. కళ్లు తుడుచుకున్నాను. దుమ్ము అనుకోండి.

చిన్నమామయ్య ఇంటి ముందు పందిట్లో అందరూ కూర్చుని ఉన్నారు. ఉండి పెద్దమనుషులు కూడా ఉన్నారు. నేను బండి ఆపి, తిన్నగా అత్తయ్య దగ్గరికి నడిచి, మామయ్య నాకు పిల్లనివ్వడానికి ఒప్పుకున్నారని అందరూ వినేలా చెప్పాను.

"మంచిది నాయనా. ఆయనేరీ?" అంది అత్తయ్య.

"ఇదిగో, వెనకే ఉన్నారండి," అని తిరిగాను.

దిండు ఉంది. దిండు మీద ఒక తూనీగ వాలి ఉంది.

ఆయన ఎక్కడ పడిపోయారో, ఏ కాలువలో ఉన్నారో. అత్తయ్య శోకాలు మొదలుపెట్టింది. ఉండి పెద్దలు లేచి నిలబడి, కూర్చోవాలో వెళ్లాలో తెలియక తువ్వాళ్లు దులుపుకున్నారు. గుమ్మంలో రాజ్యం మొహం తెల్లబోయింది. ఆ మొహం చూసి నేను పెళ్లి మాట మరిచిపోయాను, మామయ్య బతికుంటే చాలనుకున్నాను. వెనక్కి వెళదామని బండిని తన్నాను. చిన్న బండి అయితే నాలుగడుగులు తోస్తే బయల్దేరేది. ఇది నా తన్నుకు తిరిగి తన్నింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఇద్దరం ఇలా తన్నుకుని, చివరి తన్నుకు వెళ్లి గడ్డివాములో పడ్డాను.

గడ్డిలోంచి తల బయటికి పెట్టేసరికి కాలువ మీద చేపలవాళ్ల దోనె ఒకటి వస్తోంది. మధ్యలో, చేపల బుట్టల నడుమ, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒంటి చెప్పుతో మామయ్య కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ చేప మొహం ఎరగని మనిషి. ఒడ్డున దిగారు. కాళ్లు కడిగించుకున్నారు, మళ్లీ కడిగించుకున్నారు. అత్తయ్య ఏడుపు మింగుతూనే, మీరు పెళ్లికి ఒప్పుకున్నారట కదా అని అడిగింది.

ఆయన నా వైపు చూశారు. "అడగడం బాగానే అడిగాడటే. గట్టు పొడుగునా కోతలవాళ్లు చెప్పారు. ఎవరో కుర్రాడు వెనకాల దిండుకి సంబంధం చెప్పుకుంటూ పోయాడు, వంట కూడా చేస్తానన్నాడు, పాపం దిండు ఏమీ అనలేదు అని."

ముందుగా నవ్వింది ఉండి పెద్దమనిషి. పిల్ల కోసం ఇంతగా చెప్పుకునేవాడు ఇంట్లోనే ఉండగా తమను ఇంతదూరం రప్పించడం దేనికని అడిగి, ఆయనే మజ్జిగ తాగి లేచారు. మామయ్య నన్ను దగ్గరికి పిలిచారు.

"ఒరే కామేశం, పిల్లనిస్తాను. కాని నీ చిన్న బండి ఉందే, దాని మీదే తీసుకుపోవాలి. నాలాంటివాడు దిగిపోతేనే తెలియని బండి మీద, నా బక్కపిల్లను ఎక్కిస్తే ఏలూరు చేరాక వెతుక్కోవలసి వస్తుంది."

ఇదీ జరిగింది. పెళ్లయింది. రాజ్యం చిన్న బండి మీదే మా ఇంటికి వచ్చింది. ఆమె ఎక్కగానే అది ఎప్పటిలాగే మూలిగింది, దారి పొడుగునా ఆమె నా వెనక ఉందని నాకు చెబుతూనే ఉంది. ఆ మాట వరకు దాని మేలు మరువను. కానీ ఆ రోజు గట్టు మీద ఇంకా ఏమేమి అన్నారో చెప్పమని రాజ్యం ఎన్నోసార్లు అడిగింది. కోతలవాళ్లకు వినిపించిన వంట ముక్క తప్ప ఆమెకేమీ తెలియదు. చెబుదామని కూర్చుంటాను. ఎదురుగా ఆమె కళ్లు కనిపిస్తే ఒక్క మాటా గుర్తుకు రాదు. నా జన్మలో నేను అన్న మంచి మాటలన్నీ గూడబాతులు విన్నాయి.

సూర్యం బావ ఆ బండిని తరవాత బెజవాడలో ఎవరికో అమ్మేశాడు. గూడెం స్టేషనులో గూడ్సు పెట్టె ఎక్కించే ముందు చూడటానికి వెళ్లాను. ట్యాంకు మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. దాన్ని నేను నడిపింది ఆ ఒక్క ఉదయమే. ఇప్పటికీ ఎక్కడైనా మిల్లు ఇంజను లోతుగా, తీరిగ్గా కొట్టుకుంటుంటే పని ఆపి నిలబడిపోతాను. కొల్లేటి గాలి మొహానికి తగులుతుంది. ఏదో అడగాలని, ఎవరినో బతిమాలాలని అనిపిస్తుంది.

కనుక పాఠకులారా, సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ మామగారినీ, ఏ వాహనం మీదా, వెనక్కి తిరిగి చూసుకోకుండా పిల్లనడగను. అయిదు వందల సి.సి. బండి ఎక్కనని మాత్రం ఈ ప్రమాణంలో ఎక్కడా లేదని, దయచేసి, రాజ్యానికి చెప్పకండి.