నేను రాసిచ్చిన మాఫీ

ఆ క్షమాపణ పత్రం రాయడం పూర్తయ్యాక నేను దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. చేయని తప్పుకు మాఫీ అడుగుతూ, వాక్యాలు బాగా కుదిరాయని లోలోపల మురిసిపోయాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మిగతాదంతా అడిగినవాళ్ళకు చెప్పాను గానీ, ఆ మురిపెం సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు తాండూరులో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి తెలుగు చెప్పేదాన్ని. ప్రీ-ఫైనల్ తెలుగు పరీక్ష అయిన మర్నాడు ఒక తండ్రి వచ్చి గొడవ చేశాడు. మా సెక్షన్ పిల్లలకు పేపరు ముందే తెలిసిపోయిందట, అందులోని మూడు పెద్ద ప్రశ్నలు నేను ముందే రాయించానట. రాయించిన మాట నిజమే. కానీ అది పేపర్లు బడికి రావడానికి పది రోజుల ముందు. పాఠం చెప్పే ఏ టీచరుకైనా అందులో ముఖ్యమైన ప్రశ్నలేవో తెలుస్తాయి. అయితే పేపర్ల కట్టలు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసింది నేను. అదే నా మీదికి వచ్చింది.

బడి కరస్పాండెంట్ సారు పిలిపించారు. కోప్పడలేదు. తెల్లకాగితం నా వైపు జరిపి, "గీ లొల్లి మనకెందుకమ్మా. ఒక మాఫీ రాసియ్యి, ఖతం చేద్దాం" అన్నారు.

మా ఇంట్లో మాఫీ అడగడం పెద్ద సంగతి కాదు. నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం, బయల్దేరే ముందు అందరం ఒకరినొకరు క్షమించమని అడుగుతాం. ఏ తప్పుకని ఎవరూ అడగరు. నాయిన కూడా చెప్పులేసుకుంటూ, "బిడ్డా, ఏమన్న అన్నుంటే మనసుల పెట్టుకోకు" అంటాడు. అట్లా పెరిగినదాన్ని. 'నా వల్ల బడికి కలిగిన ఇబ్బందికి మన్నించండి' అని రాయడానికి నాకు ఎక్కడా చెయ్యి ఆగలేదు.

సాయంత్రానికల్లా ఆ కాగితం ఫోటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద, 'టీచరు తప్పు ఒప్పుకున్నారు, తొలగించాం' అని రాశారు. తర్వాత రెండు బళ్ళలో అడిగి చూశాను. ఒకచోట నన్ను చూడగానే, "పేపరు టీచర్ మీరే కదా?" అన్నారు. రెండోచోట దరఖాస్తు కూడా తీసుకోలేదు.

ఆ ఆదివారం చర్చిలో ఒక పెద్దామె నా తలమీద చెయ్యిపెట్టి, "ప్రభువా, గీ పిల్ల తెల్వక చేసిన తప్పును మన్నించు" అని అందరికీ వినబడేట్టు ప్రార్థించింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెన్ అన్నారు. ఆమెకు నామీద ప్రేమే. అమ్మ మాత్రం ఆమెన్ అనలేదు.

నాయిన బండల పాలిషింగ్ యూనిట్లో మిషన్ నడుపుతాడు. ఆ హోరుకు అలవాటుపడి ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడతాడు. వికారాబాద్ కోర్టులో ఆడవాళ్ళకు ఫీజు లేకుండా వకీలును ఇస్తారని పనిలో ఎవరో చెప్పారట. ఒకరోజు పని మానుకుని నన్ను వెంటబెట్టుకుని పొద్దుటి రైలెక్కాడు.

మాకు ఇచ్చిన వకీలు నడివయసు ఆమె. నాయిన కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "కేసెయ్యుండ్రి మేడం. గా సారును జైల్ల ఏపియ్యాలె."

"జర ఆగు పెద్దన్నా, నీ బిడ్డను మాట్లాడనియ్యి. ఏమ్మా, బెదిరించి రాయించుకున్నరా?"

"అవ్ మేడం, మస్తు బెదిరించిన్రు" అన్నాడు నాయిన.

నేను నేలచూపులు చూస్తూ, "లేదు మేడం. అడిగిన్రు, రాసిచ్చిన" అన్నాను.

నాయిన తల కొట్టుకుని, "దీనితోని గిదే పరేషాన్ మేడం! పచ్చిపులుసుల ఉప్పెక్కువైతే కూడ మాఫీ అడుగుతది. వండింది వాళ్ళమ్మ!" అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది. భయం కొంచెం తగ్గింది నాకు.

నేను రాసిచ్చినదాని నకలు రోజూ రాసుకునే నా సొంత డైరీలో ఉంది, వెంట తెచ్చుకున్నాను. పిల్లలచేత ఆ ప్రశ్నలు ఏ రోజు రాయించానో కూడా ఉంది. డైరీ తెరవగానే నాయిన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. అందులో ఏముందో ఆయన ఏనాడూ అడగలేదు.

వకీలు రెండు పేజీలూ చదివింది. "పేపరిచ్చినవని గిండ్ల ఏడ లేదు కదమ్మా. ఇబ్బందికి మన్నించమన్నవ్, అంతే. బెదిరించిన్రని అబద్ధం రాస్తే మన నిజం కూడ ఎవ్వరు నమ్మరు. చెప్పి మంచిగ చేసినవ్."

ఆ తర్వాత ఏమేం చేయొచ్చో నిదానంగా వివరించింది. పరువునష్టం దావా వేయొచ్చు, కానీ ఏడాదిలోపు వేయాలి. క్రిమినల్ ఫిర్యాదు కూడా పెట్టొచ్చు. రెండూ ఏళ్ళ తరబడి నడిచేవే. విచారణ జరపకుండా తీసేసినందుకు విద్యాశాఖ అధికారికి అప్పీలు చేసుకోవచ్చు, దానికీ గడువుంది. వీటికంటే ముందు, గ్రూపులో రాసిన మాట వెనక్కి తీసుకుని అనుభవ ధ్రువపత్రం ఇమ్మని బడికి నోటీసు పంపొచ్చు.

"గివన్ని ఉన్నయి. నీకేం కావాలె?"

"క్లాసు కావాలె మేడం."

"అయితే నోటీసు, అప్పీలు ముందు. దావా గడువు ఫికర్ నాకిడిసిపెట్టు. డైరీ నువ్వు రాసుకున్నది, అదొక్కటే సరిపోదు. వేరేటోళ్ళు రాసింది ఏమన్న దొరుకుతదా?"

మా గల్లీలోనే నా క్లాసు పిల్ల ఒకతె ఉంది. వాళ్ళమ్మ నోటుబుక్కు ఇవ్వడానికి జంకింది. మా అమ్మ వెళ్ళి వాళ్ళ గడపలో కూర్చుని, ఇచ్చేదాకా లేవలేదు. ఆ మూడు ప్రశ్నలు, పైన తారీఖు, కింద ఎర్రసిరాతో నా సంతకం, అన్నీ ఉన్నాయి.

తర్వాతి ఆదివారం ఆ పెద్దామె మళ్ళీ నా తలమీద చెయ్యిపెట్టి, "ప్రభువా, మన్నించు" అని మొదలుపెట్టబోతే అమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, నా బిడ్డ ఏం తప్పు చెయ్యలే. దానికి మాఫీ వద్దు, నౌకరి అడుగు."

పెద్దామె కళ్ళు తెరవకుండానే, "సరే ప్రభువా, అయితే నౌకరియ్యి" అంది. ఈసారి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అమ్మే.

నోటీసు వెళ్ళిన కొన్నాళ్ళకు అనుభవ ధ్రువపత్రం పోస్టులో వచ్చింది. గ్రూపులో రాసింది మాత్రం ఇంకా అట్లాగే ఉంది. అప్పీలు విచారణకు వాయిదా తేదీ ఇచ్చారు.

ఈలోగా వికారాబాద్‌లో ఒక బడికి తెలుగు టీచరు కావాలని తెలిసి వెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ ఏదో అడగబోతుంటే, "మేడం, ముందు నేనొక సంగతి చెప్పాలె" అన్నాను. అడగకముందే నోరు తెరవడం నాకు కొత్త. ఫైలు ఆమె ముందు పెట్టాను. ఆమె నోటుబుక్కు జిరాక్సులు, నోటీసు, అప్పీలు ఒక్కొక్కటీ చదివింది. నన్ను ఎనిమిదో తరగతికి తీసుకెళ్ళి ఒక పద్యం చెప్పమంది, తను వెనక బెంచీలో కూర్చుంది. మొదటి రెండు పాదాలకు నా గొంతు నాకే వినబడలేదు. మూడో పాదం దగ్గర ఒక పిల్ల అర్థం అడిగింది. అక్కడినుంచి గంట కొట్టేదాకా వెనక బెంచీ సంగతే మరిచిపోయాను.

వరండాలోకి వచ్చాక ఆమె అడిగింది. "గీ కేసు నడుస్తుంటే సెలవులు అడుగుతవా?"

"వాయిదా ఉన్న దినం ఒక్క పూట మేడం."

ఆమె ఫైలు నా చేతికిచ్చింది.

"గా పూట నీ క్లాసు నేను తీసుకుంట తియ్యి. సోమవారం జర జల్ది రా బిడ్డా, ప్రేయరుకు ముందే."