వెంటనే గేటు వద్దకు రావలెను

సినిమా హాల్లో పదేళ్ళు పనిచేసి ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడని మనిషి ఉంటాడంటే మీరు నమ్మరు. ఇశ్రాయేలు పక్కన కూర్చుని పనిచెయ్యకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

నా పేరు తిరుపతిరావు. బెజవాడలో ఒక హాల్లో ఆపరేటర్ని. లైసెన్సున్న ఆపరేటర్నని చెప్పుకోవడం నాకు కాస్త సరదా. ఇశ్రాయేలుకు లైసెన్సు లేదు. క్యాబిన్లో నా పక్కన స్లైడ్లు వేసే పని అతనిది. పొగ తాగవద్దనేవి, బట్టల కొట్ల ప్రకటనలు, ఇవన్నీ పెయింటరు రాసి పంపేవి. వాటితో పేచీ లేదు. అసలు పని పిలుపులతోనే. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని ఊరినుంచి మనిషి వస్తాడు. కావలసినవాడేమో లోపల సినిమా చూస్తుంటాడు. ఎనిమిది వందలమందిలో చీకట్లో ఎక్కడని వెతుకుతారు? గేటు దగ్గర చెబితే గేటుమనిషి చీటీ రాసి డబ్బాలో వేస్తాడు, తాడుతో పైకి లాక్కుంటాం. ఇశ్రాయేలు గాజుముక్కను కిరసనాయిలు బుడ్డి మీద పట్టి, మసి పట్టాక దాని మీద దబ్బనం మొనతో రాస్తాడు. 'గన్నవరం సాంబశివరావు వెంటనే గేటు వద్దకు రావలెను.' దాన్ని తలకిందులుగా స్లైడు మిషన్లో పెడితే, బొమ్మ నడుస్తుండగానే తెర కింది అంచున తెల్లటి అక్షరాలు నిటారుగా పడతాయి.

పేరు పడ్డాక అతను గోడకున్న కన్నంలోంచి జనం తలలు చూసేవాడు. అందరూ తెర చూస్తుంటే అతనొక్కడే జనాన్ని చూసేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఏ వరసలోనో ఒకడు లేచి తలుపు దాటేదాకా స్లైడు తీసేవాడు కాదు. హీరో పాట పాడుతుంటే అతని కాళ్ళ దగ్గర ఎవడి పేరో వేలాడుతూ ఉండేది. కింద ఈలలు, ఆ తర్వాత మేనేజరు రామకోటేశ్వరరావు గారి తిట్లు. నాకూ ఒళ్ళు మండేది.

"తియ్యవయ్యా బాబూ! చూసేవాడైతే ఈపాటికి చూసే ఉంటాడు."

"చీకట్లో చెప్పులు వెతుక్కోవాలి గదండీ" అనేవాడు.

ఎన్నిసార్లన్నా అదే జవాబు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ మాటను అనుకరిస్తూ మేమంతా నవ్వుకునేవాళ్ళం. కాంటీన్లో కాఫీ ఆలస్యమైతే "చెప్పులు వెతుక్కుంటోందేమోనయ్యా" అనేవాణ్ణి నేను. అతనూ నవ్వేవాడు. ఎవరేమన్నా నవ్వేవాడు. అదే నాకు నచ్చేది కాదు.

వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌను వెనక ఒక గదిలో ఒంటరిగా ఉండేవాడు. పెళ్ళి లేదు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుని, పాస్టరు గారు బయటికొచ్చేలోపే వచ్చేసేవాడు. సినిమా హాల్లో పనిచేసేవాడని అక్కడ కొందరికి గిట్టేది కాదు. మంచి గొంతు. స్లైడు రాసేటప్పుడు లోలోపల ఏదో కీర్తన పాడుకునేవాడు. కింద తెరమీద తబలా, డోలక్కు మోగుతుంటే పక్కన ఈ కీర్తన. "రెండు పాటలు ఒకేసారి వినలేక చస్తున్నానయ్యా" అంటే, "రెండూ ఒకే రాగమండీ, మీరు గమనించలేదు" అన్నాడొకసారి. వింటే నిజమే. నేను పట్టుకోలేనిది అతను పట్టుకున్నాడన్న కోపం కూడా చాలారోజులు ఉండిపోయింది నాకు.

రాజకీయాల మీద అతనికున్న అభిప్రాయం ఒక్కటే. ఎమర్జెన్సీలో సర్కారువారి స్లైడ్లు కట్టలు కట్టలుగా వచ్చేవి. కష్టపడి పనిచెయ్యండి, ఇద్దరు పిల్లలు చాలు, ఇరవై సూత్రాలు. అన్నీ వెయ్యాల్సిందే, లేకపోతే హాలు మూసేస్తారని మేనేజరు గారికి వణుకు. డెబ్బై ఏడు ఎన్నికలయ్యాక అవన్నీ తీసేయమన్నారు. ఇశ్రాయేలు ఆ గాజుల్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్ళీ మసి పట్టించి దాచుకున్నాడు.

"మసి అదేనండీ, మారేది అక్షరాలే" అన్నాడు.

అతనికి ఎవరూ లేరనే చాలాకాలం అనుకున్నాను. చేరాక అయిదారేళ్ళలో గేటు దగ్గరికి అతనికోసం వచ్చినవాడు ఒక్కడూ లేడు. "ఊళ్ళోవాళ్ళందర్నీ పిలుస్తావు, నిన్ను పిలిచేవాడే లేడేమయ్యా?" అని ఒకసారి నోరుజారాను కూడా. జై ఆంధ్ర గొడవలప్పుడు ఊళ్ళో కర్ఫ్యూ పెట్టి హాళ్ళు మూయించారు. మిషన్లకు కాపలాగా మేమిద్దరం ఖాళీ హాల్లో పగలంతా కూర్చునేవాళ్ళం. అప్పుడు చెప్పాడు.

అతని అక్క మార్త నాగాయలంక అవతల ఒక పల్లెలో ఉంది. తల్లి ఆమె దగ్గరే ఉండేది. అరవై ఆరులో ఒక ఆదివారం తల్లికి బాగా లేదని బావ తరఫు మనిషి బెజవాడ వచ్చాడు. అప్పట్లో అతను పనిచేసే మిరపకాయల గోడౌను దగ్గరివాళ్ళు, ఇశ్రాయేలు సినిమాకు వెళ్ళాడని హాలు పేరు చెప్పారు. ఆ మనిషి గేటు దగ్గరికొచ్చి బతిమాలితే, "మంచి పాట నడుస్తోంది, ఇప్పుడు స్లైడు వెయ్యం, పక్కన కూర్చో" అన్నారట. కూర్చున్నాడు. తరవాత మర్చిపోయారు. ఆట అయి ఇశ్రాయేలు బయటికొచ్చేసరికి అవనిగడ్డ వైపు ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. మర్నాడు ఊరు చేరేసరికి సమాధి చేసేశారు.

"గుప్పెడు మన్ను కూడా వెయ్యలేదండీ నేను" అన్నాడు.

అక్క తలుపు తియ్యలేదట. కన్నతల్లి పోతుంటే సాతాను గుడారంలో కూర్చుని పాటలు విన్నవాడు తనకు తమ్ముడు కాడని లోపలినుంచే చెప్పిందట. మరుసటేడు గోడౌను పని మానేసి, కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని మా హాల్లో చేరాడు. ఆనాడు అతను కూర్చున్న హాలు మాదే. "ఇక్కడైతే ఎవరి చీటీ వచ్చినా నేనే వేస్తాను గదండీ" అన్నాడు. నేను వెళ్ళి ఆడుతున్న మిషన్ని తుడిచినట్టు ఆగివున్న మిషన్ని తుడిచాను.

అతనికి తరచూ ఒక కల వచ్చేదట. తను హాల్లో కూర్చుని ఉంటాడు. తెరమీద తన పేరు పడుతుంది. లేవబోతే కాళ్ళు రావు.

అక్కకు ప్రతి క్రిస్మస్‌కూ కార్డు రాసేవాడు. జవాబు వచ్చేది కాదు. కానీ ఆ కార్డులు చదివే మనిషి ఆ ఇంట్లో ఒకరున్నారని డెబ్బై అయిదు డిసెంబరులో తెలిసింది. బెజవాడలో క్రైస్తవ సభలకు వచ్చిన ఒక పదిహేనేళ్ళ పిల్ల, గుంపులోంచి తప్పించుకుని మా ఇనుప మెట్లెక్కి క్యాబిన్ తలుపు తట్టింది. మార్త కూతురు ఎస్తేరు.

"మామయ్యా, నీ చేతిరాత గుండ్రంగా ఉంటది గదా, చూడంగానే పట్టేశా" అంది, గోడకు ఆరబెట్టిన గాజులు చూసి.

కన్నంలోంచి అరగంట సినిమా చూసింది ఆ పిల్ల. నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. ఇశ్రాయేలు తెర చూడలేదు, ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళేముందు అడిగింది:

"నా పేరు కూడా ఒక్కసారి వెయ్యి మామయ్యా. ఊరికే. చూసుకుంటా."

"ఊరికే వెయ్యకూడదమ్మా. ఎవరైనా నీకోసం వచ్చి పిలిస్తేనే వెయ్యాలి" అన్నాడు.

వేస్తే ఏం పోయింది? ఆ పిల్ల వెళ్ళాక తిట్టాను. తలవంచుకుని విన్నాడు.

డెబ్బై ఏడు నవంబరు పంతొమ్మిది, శనివారం. దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రోజు. బెజవాడలో మాకు గాలీ వానే. సముద్రం ఊళ్ళ మీదికొచ్చిందన్న కబురు మాకు చేరడానికి రెండురోజులు పట్టింది. ఇశ్రాయేలు మంగళవారం బియ్యం తీసుకెళ్ళే లారీ ఎక్కి వెళ్ళాడు. మూడురోజులు తిరిగాడు. అక్క ఊరున్నచోట ఇసక ఉందట. బతికినవాళ్ళను కొందర్ని బెజవాడ చేర్చారని ఎవరో చెబితే వెనక్కొచ్చి, బడుల్లో పెట్టిన శిబిరాలన్నీ గాలించాడు. ఏం చూశావని నేను అడగలేదు. తనే ఒక్క మాట అన్నాడు.

"పేర్లు రాసుకునేవాళ్ళు కూడా లేరండీ అక్కడ."

మరుసటి శనివారం మ్యాట్నీకి పనిలోకి వచ్చాడు. వద్దు పొమ్మన్నా వినలేదు. అప్పటికే గేటు దగ్గర జనం. ఉప్పెన నాడు ఊళ్ళో లేనివాళ్ళెవరైనా బతికుంటారన్న ఆశతో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. కొత్తగా చేరిన గేటుమనిషి శౌరయ్య చీటీ మీద చీటీ రాసి పంపుతున్నాడు. ఇశ్రాయేలు వచ్చిన చీటీ వచ్చినట్టు రాస్తున్నాడు. కీర్తన లేదు. అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

ఇంటర్వెల్ తర్వాత ఒక పేరు తెరమీద పడింది. నేను చదివి ఉలిక్కిపడ్డాను.

'నాగాయలంక ఇశ్రాయేలు వెంటనే గేటు వద్దకు రావలెను.'

అది రాసిన ఇశ్రాయేలు అప్పటికే కన్నం దగ్గర నిలబడి ఎవరు లేస్తారా అని తలలు చూస్తున్నాడు. ఇశ్రాయేళ్ళు ఆ వైపు పల్లెకు ఇద్దరుంటారు, వేరెవరో అనుకున్నాడు. శౌరయ్యకేమో ఇతను స్లైడు మేస్త్రి అనే తెలుసు, అసలు పేరు తెలియదు.

"ఇశ్రాయేలూ! నీ పేరేనయ్యా అది!"

తెరవైపు చూశాడు. పదేళ్ళలో అతను తెరను అంత సేపు చూడడం అదే మొదలు. కదలలేదు. నేను జబ్బ పట్టుకుని వెనక తలుపుదాకా నడిపించాను.

మెట్ల కింద గేటుకు అవతల, రోడ్డు మీద ఒకామె నిలబడి ఉంది. ఎవరో ఇచ్చిన చీర, పొట్టిగా ఉంది. ఇశ్రాయేలు మెట్లు దిగి దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. రీలు మార్చడానికి నాకింకా ఏడెనిమిది నిమిషాలుంది. పైనే నిలబడి విన్నాను. వినకూడదని తెలుసు.

"అక్కా."

"మీ బావ పోయాడ్రా. పెద్దోడూ, చిన్నోడూ పోయారు. చెట్టు పట్టుకుని నేనొక్కదాన్నీ మిగిలా."

"ఎస్తేరు?"

"అది పోయిన శనివారం తెల్లారగట్టే అవనిగడ్డ పోయింది, కుట్టుపనికి. పోయినమ్మ అక్కడ లేదు, ఇక్కడ లేదు. దానికి సినిమా పిచ్చి గదరా. బెజవాడ బస్సెక్కిందేమో, భయపడి ఏ హాల్లోనో దూరి కూచుందేమో. మూణ్ణాళ్ళ నుంచీ అన్ని హాళ్ళ దగ్గరా నిలబడి పిలిపిచ్చా. ఎవరూ రాలా. నీ హాలు ఒక్కటే మిగిలింది. ఇక్కడికి రావడానికే నాకు మొహం చెల్లలా."

అతను గేటు రెక్క తోసి పట్టుకున్నాడు.

"నీ చేత్తో రాయరా తమ్ముడూ. మిగతావాళ్ళవి అది నమ్మిందో లేదో. నీ చేతిరాతైతే దానికి తెలుసు."

ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. సినిమా హాలున్న వీధిలో నడవని మనిషి గడప దాటి క్యాబిన్లోకి వచ్చింది. ఇశ్రాయేలు బుడ్డి మీద గాజు పట్టాడు. వేడికి ఒకటి పగిలింది. రెండోది రాశాడు. సరిగ్గా ఆ సమయానికి పాట మొదలైంది, ఆ సినిమాకే పేరు తెచ్చిన పాట. పాటలో స్లైడు వెయ్యకూడదన్నది మేనేజరు గారి ఆజ్ఞ. ఇశ్రాయేలు నావైపు చూశాడు.

"వెయ్యవయ్యా" అని నేను సౌండు కట్టేశాను.

కింద హాలు హాలంతా గోల. ఆ గోలలో అక్షరాలు పడ్డాయి. 'ఎస్తేరు, అమ్మ వచ్చింది. గేటు వద్దకు రావలెను.' చదివినవాళ్ళు చదివినట్టు ఈలలు ఆపారు. ఆ వారం బెజవాడలో ఆ మాటలకు అర్థం తెలియనివాళ్ళు లేరు.

మార్త కన్నానికి కన్ను ఆనించి చూస్తోంది. పక్క కన్నం దగ్గర ఇశ్రాయేలు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో ఒక పిల్ల లేచింది. మార్త చెయ్యి తమ్ముడి చొక్కా పట్టుకుంది. ఆ పిల్ల భుజం మీదున్న పసివాణ్ణి మరో భుజానికి మార్చుకుని మళ్ళీ కూర్చుంది.

ఇంకెవరూ లేవలేదు. ఎంతసేపు గడిచిందో, రామకోటేశ్వరరావు గారు మెట్ల మీద వస్తున్న చప్పుడు వినబడింది. మార్త కన్నం వదలకుండానే అడిగింది.

"తీసేస్తారా అండీ?"

ఇశ్రాయేలు కన్నం దగ్గరినుంచి తల తిప్పలేదు. నేనే చెప్పాను.

"లేదమ్మా, ఉంచుతాం. చీకట్లో చెప్పులు వెతుక్కోవాలి గదా."

మేనేజరు గారు లోపలికి వచ్చారు, తెర చూశారు, మళ్ళీ దిగి వెళ్ళిపోయారు. ఆట అయిపోయేదాకా ఆ స్లైడు తియ్యలేదు.