మంట పెంచిన పొడి

నా పెళ్లైన కొత్తలో జరిగింది. ఆలేరు దగ్గర మా అత్తగారింట్లో గోబర్ గ్యాస్ మంట కునికిపాట్లు పడేది. పేడ, కూరగాయల చెత్త వేసే గుంతలో రోజూ కలపమని ఒక అధికారి ఖనిజాల పొడి సంచి ఇచ్చాడు. ఆ పని అత్తమ్మకు అప్పగించాను. నెల తిరిగేసరికి మంట భగ్గుమంది. అధికారి సంబరపడి ఊరందరినీ మా వాకిట్లోకి పిలిచాడు. నేను సంచి పట్టుకుని ఫొటో దిగి, అంతా పొడి మహిమేనని ఉపన్యాసం ఇచ్చాను.

"అమ్మా, గుంతల ఎట్ల కలిపిండ్రు?" అని ఆయన అత్తమ్మను అడిగాడు.

"గంత మంచి పొడి పెండల పోస్తరా బిడ్డా? దాణల కలిపి బర్రెకు పెట్టిన. కడుపునిండ తిని తట్టలకు తట్టలు పెండేస్తాంది."

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ ఫొటో ఇప్పటికీ మా గోడకుంది. అందులో నేనున్నాను, సంచి ఉంది. బర్రె లేదు.