మూడో ఆదివారం ప్రకటన

పలాస జీడి ఫ్యాక్టరీలో పప్పు మీది పొర ఒలవడంలో సత్యమ్మను మించిన చెయ్యి లేదని పేరు. ఇరవై ఏళ్ళు చిన్న చాకు పట్టిన చెయ్యి అది. పప్పు బద్దలైతే సరుకు చెడినట్టే కాబట్టి అక్కడ మనిషి విలువంతా వేళ్ళలోనే ఉంటుంది. మిగతా ఆడవాళ్ళు పప్పుతో పాటు ఊరందరి సంసారాలూ ఒలిచేసేవాళ్ళు. మొగుడు పోయి ఒక్కగానొక్క కూతురు మిరియంను పెంచుకుంటున్న సత్యమ్మకు అంత తీరిక లేదు.

ఆమె అన్న ఎడ్వర్డ్ అదే ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేవాడు. నలభై నిండకుండానే అతని కుడిచెయ్యి వణకడం మొదలైంది. పిక్క పెంకులో ఉండే జీడినూనె పట్టిందన్నారు అందరూ. పలాసలో చేతికి ఏమొచ్చినా నేరం ఆ నూనెదే మరి! ఆ మాట నమ్మి మూడేళ్ళు ఆముదం రాసుకుంటూ కూర్చున్నాడు మహానుభావుడు. అడుగు కూడా తడబడుతుంటే 2005లో విశాఖ తీసుకెళ్ళారు. డాక్టరు పార్కిన్సన్స్ జబ్బని చెప్పి, ఇంత చిన్న వయసులో రావడమేమిటని అనుమానపడ్డాడు.

"మీ అమ్మానాన్నలు ముందే చుట్టాలా?"

"మా యమ్మని సొంత మేనమావకే ఇచ్చినారు బాబూ," అంది సత్యమ్మ, గొప్పగానే.

వంశంలో వచ్చే లోపమేమోనని నెత్తురు హైదరాబాదు పంపారు. నెలన్నరకు కాగితం వచ్చింది. వెతికిన లోపాలేవీ కనబడలేదని ఉంది. ఎడ్వర్డ్ సంబరం ఇంతా అంతా కాదు.

"సూసినావా! మన నెత్తుట్లో దోసం లేదు. ఇంకేటి, నా కొడుకు జెర్రీకి నీ మిరియంని సేసీడమే!"

పిల్లలిద్దరికీ చిన్నప్పటినుంచీ ఒకరంటే ఒకరికి ప్రాణం. అయినా సత్యమ్మ ఒంటరిగా మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"కాగితంలో లేదంటే లేనట్టేనా బాబూ?"

"కాదమ్మా. వాళ్ళు వెతికినవి జపాన్లోనో యూరప్‌లోనో దొరికిన లోపాలు. ఒక్కో చోటి జనంలో ఒక్కో రకం ఉంటుంది. మీ వైపు వాళ్ళ నెత్తురు ఎవరూ సరిగా చూడనే లేదు. మీ ఇంట్లో ఉన్నా మాకు కనబడకపోవచ్చు. మళ్ళీ మేనరికం చేస్తే రెండు వైపుల నుంచీ ఒకే లోపం కలిసి, పుట్టే బిడ్డకు ఈ జబ్బు రావచ్చు. రాకపోనూ వచ్చు."

ఆ చివరి మాటే ఆమెను తినేసింది. వస్తుందని తేల్చేస్తే ఆపేసేది, రాదంటే పందిరి వేసేది. ఇప్పుడు మిరియం అన్నం కలుపుతుంటే వేళ్ళే చూస్తోంది. జెర్రీ సైకిలెక్కితే హేండిలు వంకే చూస్తోంది. అన్నతో చెప్పబోతే, "నా కొడుకుని రోగిష్టోడంతన్నావా?" అని అరిచి, చర్చిలో పెళ్ళి ప్రకటనకు పేర్లిచ్చేసి, మాటలు మానేశాడు. దానికి తోడు ఫ్యాక్టరీలో ఆమె పప్పు విరుగుతోంది. చాకు మొద్దుబారిందని మేస్త్రీతో చెప్పి రెండుసార్లు మార్పించుకుంది.

వాళ్ళ బాప్టిస్టు చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరాలు అడుగుతారు. ఇన్నేళ్ళలో ఎవరూ లేచిన పాపాన పోలేదు. రెండు ఆదివారాలు సత్యమ్మ తల వంచుకునే గడిపింది. మూడో ఆదివారం నెహెమ్యా పాస్టరుగారు అడగవలసింది అడిగేసి, అలవాటుగా పాటల పుస్తకం తెరవబోయారు.

"నాకుంది అయ్యగోరూ."

లేచింది పెళ్ళికూతురి తల్లే! చర్చంతా వెనక్కి తిరిగింది. మిరియం ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పుట్టబొయ్యే పిల్లల్ని తల్సుకుంటే బయ్యమేత్తంది. ఈ పెళ్ళి వొద్దు."

మగవాళ్ళ వైపు నుంచి ఎడ్వర్డ్, జెర్రీ భుజం పట్టుకుని లేచాడు. తిట్టడానికే నోరు తెరిచాడు. అంతలో అతని చూపు చెల్లెలి ముఖం మీంచి జారి, పక్కన వేలాడుతున్న ఆమె కుడిచేతి మీద ఆగింది. బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా, లేని పప్పుకు పొర ఒలుస్తున్నట్టు కదులుతోంది. ఆ కదలిక అతనికి బాగా తెలుసు. కోపం ఎటు పోయిందో పోయింది.

"సత్తెమ్మా," అన్నాడు, "ఎన్నాళ్ళ నుంచే?"

"కిస్మస్ ముందల్నించి, అన్నియ్యా."