గార్నెట్ గదిలో ట్రెస్సా

తనను తీసుకెళ్లడానికి ఎవరూ రారని ట్రెస్సా ధైర్యంగా ఉంది. మత్తు మాన్పించే ఆ ఇంట్లో గడువు ముగిసిన ఆడవాళ్లను, సొంతవాళ్లెవరైనా వచ్చి పూచీ పడితేనే బయటికి పంపుతారు. మొగుడు డ్వైట్ బొగ్గుగనిలో పైకప్పు కూలి చనిపోయి ఏళ్లయింది. పుట్టింటివాళ్లు ఆమె పేరెత్తితే తలుపేసుకుంటున్నారు. ఎవరూ రాకపోతే మిగిలిన శిక్ష జైల్లో గడపాలి. గడిపితే గడిపానులే, అనుకుంది. జైల్లో తెలిసిన ముఖాలుండవు.

కానీ వచ్చాడు ఒకాయన. మామగారు బర్ల్ హెన్స్‌లీ. బొగ్గుధూళి తినేసిన ఊపిరితిత్తులాయనవి. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, పక్క సీట్లో చిన్న సిలిండరు పెట్టుకుని పాత పికప్ తనే నడుపుకుంటూ వచ్చాడు.

"ఎక్కమ్మాయ్. దారిలో ఎక్కడా ఆపను. బాత్రూముకి వెళ్లాలంటే ఇప్పుడే వెళ్లిరా."

"మీకెందుకు మామయ్యా ఈ శ్రమ? నేను..."

"మా డ్వైట్ పెళ్లాన్ని జైల్లో కూర్చోబెట్టి నేను ఇంట్లో మొక్కజొన్న రొట్టె తింటూ కూర్చుంటాననుకున్నావా? ఎక్కు."

ఎక్కింది. కాల్డ్‌ఫోర్క్ లోయలోకి దారి తిరిగాక రెండు పక్కల నుంచి కొండలు దగ్గరికి జరిగాయి. అక్కడ సూర్యుడు ఆలస్యంగా వస్తాడు, తొందరగా పోతాడు. ఇంటికొస్తున్నట్టు అనిపించలేదు ఆమెకి. ఏదో మింగేస్తున్నట్టు అనిపించింది.

కోర్టు ఆఫీసరు వచ్చి ఆమె చీలమండకి నల్లటి పెట్టె ఒకటి బిగించి పోయాడు. ఇంటి ముందున్న ఉత్తరాల డబ్బా దాటితే అది ఆఫీసులో కూస్తుంది. ఆదివారం ప్రార్థన గుడికి వెళ్లడానికి మాత్రం అనుమతి ఉంది.

"నీకది, నాకిది," అన్నాడు బర్ల్ తన గొట్టం ఎత్తి చూపించి. "ఇద్దరం కట్టేసిన ఆవులమే. ఎవరి తాడు పొడుగో పందెం వేద్దామా?"

ట్రెస్సా నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఎందుకంటే అప్పుడే ఆయన కూతురు ఇమోజీన్ దుప్పట్లు తెచ్చి ఆమె చేతుల్లో కుక్కింది. డ్వైట్‌కి అక్క, బడిలో వంట చేస్తుంది. అడ్డం తిరిగిందంటే కొండైనా జరగాలి గానీ తను జరగదు.

"అమ్మ గదిలో పడుకో. నాన్న అలా చెయ్యమన్నాడు కాబట్టి. నాన్న మందులన్నీ మా ఇంట్లో పెట్టి తాళం వేశా. వెతికి కష్టపడకు."

ఆ గదిలోనే ట్రెస్సా అత్తగారు గార్నెట్ చనిపోయింది. మంచం అదే. కిటికీ బయట కొండ అదే.

ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ట్రెస్సా పుట్టుకతో చెడ్డ మనిషి కాదు. వృద్ధాశ్రమంలో ఆయాగా చేసేది. లేవలేని ముసలివాళ్లను ఎత్తి ఎత్తి నడుం పోయింది. డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు. కొన్నాళ్లకి నడుం నొప్పి తగ్గింది, మాత్రల ఆకలి మాత్రం పెరిగింది. డాక్టరు రాయనన్నాక ఎక్కడెక్కడో వెతుక్కుంది. సరిగ్గా అప్పుడే గార్నెట్ ఎముకల్లో క్యాన్సర్ దిగింది. ఇంట్లో ఒంటరిగా ఉన్న కోడలు, పైగా రోగులకి చేసి అలవాటున్న మనిషి. ఆమెకన్నా బాగా ఎవరు చూస్తారు? మందులన్నీ నమ్మకంగా ఆమె చేతిలో పెట్టారు.

మొదట్లో ఒకటీ అరా తీసుకుంది. తరవాత సీసాలో ఉన్నవన్నీ తీసి, అదే సైజులో ఉండే తెల్లటి జ్వరం మాత్రలు పోసింది. గార్నెట్ వాటినే మింగుతూ, "తగ్గుతుందిలే అమ్మా, ఇప్పుడే వేశావుగా," అని కోడలికే ధైర్యం చెప్పేది. తగ్గేది కాదు. ఆఖరి వారాల్లో ఆ కేకలు వాగు అవతలి ఇళ్లకి కూడా వినబడ్డాయి. ముదిరిపోయింది, ఇంక మందులు పట్టవు, అన్నారు అందరూ.

తరవాత ట్రెస్సా పట్టుబడింది వేరే కేసులో. ఈ సంగతి ఆమెకీ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు. మత్తు మాన్పించే ఇంట్లో మోకాళ్ల మీద పడి ప్రభువుకి చెప్పుకుంది. ఆ రోజు లోపల ఏదో ముడి విడిన మాట నిజం. ఆ ముడి ఈ గదిలో మళ్లీ బిగుసుకుంది. మంచం మీద వాలితే చాలు, ఆ కేకలు గోడల్లోంచి వచ్చేవి.

ఆదివారం ఇమోజీన్ కారులో వెనక సీట్లో కూర్చుని ట్రెస్సా గుడికి వెళ్లేది. బర్ల్ వచ్చేవాడు కాదు. ఒకప్పుడు ఆ సంఘానికి పెద్ద ఆయన. పాట ఎత్తుకుంటే చెక్క గోడలు మోగేవి.

"మీరెందుకు రారు మామయ్యా?" అని ఒకరోజు అడిగింది. అడక్కుండా ఉంటే బాగుండేది.

బర్ల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "గార్నెట్‌కి నొప్పి తగ్గించమని అడిగా దేవుణ్ణి. తగ్గించలేదు. మందు పనిచేసేలా చెయ్యమని అడిగా. చెయ్యలేదు. ఆఖరికి, తీసుకుపొమ్మని అడిగా. వెంటనే తీసుకుపోయాడు." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "నా పెళ్లాం చావు కోరుకున్నవాణ్ణి నేను. ఏ మొహం పెట్టుకుని పాడను? ఆయన మీద కోపమో, నా మీద కోపమో, నాకే తెలీదు పిల్లా."

ట్రెస్సా తప్పు గార్నెట్‌తో పోలేదు. ఈ ముసలాయన మెడ మీద కూర్చుని ఉంది. ఆయన్ని విడిపించే మాట తన నోట్లోనే ఉంది. చెప్తే ఆయన బయటికి నెట్టేస్తాడు. నెట్టేస్తే జైలు. చెప్పకపోతే ఈ ఇల్లే జైలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గుడి పెద్ద ఎల్వుడ్ అయ్యగారు వారమంతా బొగ్గు లారీ తోలి, ఆదివారం వాక్యం చెప్పే మనిషి. ట్రెస్సా ఆయన్ని గుడి మెట్ల దగ్గర పట్టుకుంది. అసలు సంగతి చెప్పలేదు. "దేవుడు క్షమించేశాక ఇంక మనుషులకి చెప్పాలా అయ్యగారూ?" అని మాత్రం అడిగింది.

"క్షమించాడు. అందులో అనుమానం లేదమ్మా. కానీ కృప అనేది దాక్కోవడానికిచ్చిన గోనెపట్టా కాదు. నీ తప్పు బరువు ఇంకొకడెవడైనా మోస్తుంటే, పోయి దించిరా. నీకేం జరుగుతుందో నేను చెప్పలేను."

"అంతేనా మీ ఓదార్పు?"

"లారీ డ్రైవర్ని తల్లీ. ఎత్తు దిగేటప్పుడు బ్రేకు కాలుతుందని ముందే చెప్తా."

చిక్కుళ్లు ఎండబెట్టే రోజులవి. వసారాలో మామాకోడళ్లు ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసి, సూదితో దారానికి గుచ్చుతున్నారు. మధ్యాహ్నపు ఎండ మెట్ల దాకా వచ్చి ఆగింది. ట్రెస్సా సూది పక్కన పెట్టింది.

"మామయ్యా, మందు పనిచెయ్యకపోవడం కాదు. అత్తమ్మకి మందు అందనేలేదు. నేను తీసుకున్నా. సీసాలో జ్వరం మాత్రలు పోశా."

బర్ల్ వేళ్లు కాయ మీద ఆగిపోయాయి.

"అది అరుస్తున్నప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"పక్క గదిలో."

"వినబడేదా?"

"వినబడేది మామయ్యా."

ఆయన లేచాడు. ఒళ్లో కాయలు నేల మీద పడ్డాయి. గొట్టం ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ట్రెస్సా వంగి ఆ కాయలన్నీ ఏరింది. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

సాయంత్రానికి తండ్రి నోటి ద్వారా ఇమోజీన్‌కి తెలిసింది. వచ్చీ రాగానే ట్రెస్సా చెంప పగిలేలా కొట్టింది. ట్రెస్సా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"లే! బట్టలు సర్దుకో! షెరీఫుకి ఫోన్ చేస్తున్నా. మా అమ్మ నీ చెయ్యి పట్టుకుని దీవించిందే! ఆ చేత్తోనే..."

"ఫోన్ పెట్టు ఇమో," అన్నాడు బర్ల్ తలుపు దగ్గర నుంచి.

"నాన్నా! దీన్ని ఇంకా ఇంట్లో ఉంచుతావా?"

"ఉంచుతా."

"ఎందుకు?"

"తెలీదు. తెలిసినప్పుడు చెప్తా." అని ట్రెస్సా వైపు తిరిగి, ఆమె ముఖం కాకుండా పక్కనున్న గోడ చూస్తూ అన్నాడు, "నువ్వు వంటింట్లో ఉంటే నేను వసారాలో ఉంటా. నువ్వు వసారాలోకొస్తే నేను లోపలికి పోతా. నీ గొంతు నాకు వినబడకూడదు."

అలా మొదలైంది అసలు చెర. ఒకే కప్పు కింద ఇద్దరు. ఆమె వండి బల్ల మీద పెట్టి గదిలోకి పోయేది. ఆయన తిని, కంచం తనే కడుక్కునేవాడు. ఆకులు రాలి కొండలు బోడిగా నిలబడ్డాయి. వేరే చోటు చూడమని ట్రెస్సా కోర్టు ఆఫీసరుకి ఫోన్ చేసింది. చోటు లేదన్నాడు. చెప్పేస్తే తేలికవుతుందనుకుంది ఆమె. కాలేదు. పడుకునే మంచం, కూర్చునే కుర్చీ, కిటికీలో కొండ, అన్నీ ఆమె వైపే చూస్తున్నట్టుండేది. ఒక్కోసారి ఉత్తరాల డబ్బా దాకా నడిచి, దాని అవతల ఒక్క అడుగు వేస్తే చాలు కదా, ఈ ఇల్లు తప్పుతుంది కదా అని నిలబడేది. మళ్లీ వెనక్కి వచ్చేది. వదిలి పారిపోవడం కూడా దొంగతనమే అనిపించేది.

ఒక ఉదయం మాత్రం వసారాలోంచి సన్నగా పాట వినబడింది. ఊపిరి చాలక ముక్కలు ముక్కలుగా వస్తోంది. అయినా పాటే. భార్యను బాధపెట్టింది దేవుడు కాదని ఆయనకి తెలిసింది. దేవుడి మీద కోపం పోయింది. ఆ కోపమంతా ఇప్పుడు ట్రెస్సాకి బదిలీ అయింది. తలుపు వెనక నిలబడి విన్న ట్రెస్సాకి, చెప్పినందుకు మొదటిసారి పశ్చాత్తాపం కలగలేదు.

వసంతంలో గుడిలో పాదాలు కడిగే ఆదివారం వస్తుంది. రొట్టె, ద్రాక్షారసం అయ్యాక మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. నడుముకి తువ్వాలు కట్టుకుని, రేకు బేసిన్లలో గోరువెచ్చని నీళ్లతో ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. శిష్యులకి ప్రభువు చేసినట్టు. ఆ ఏడు బర్ల్ కూడా వచ్చాడు, సిలిండరుని చక్రాల బండి మీద లాక్కుంటూ. ఊరంతా లేచి ఆయన్ని కావలించుకుంది.

ట్రెస్సా సంగతి ఈలోగా లోయంతా పాకింది. ఆడవాళ్లు జతలు జతలుగా విడిపోయారు. ఆమె బెంచీ మీద ఆమె ఒక్కతే మిగిలింది. తెగించి, తువ్వాలు తీసుకుని ఇమోజీన్ ముందు మోకరించింది. ఇమోజీన్ పాదాలు వెనక్కి లాక్కుంది.

"ఇవాళ కాదు," అంది పళ్లు బిగించి. "నన్ను బలవంతపెట్టకు. ఇవాళ నావల్ల కాదు."

"సరే వదినా." ట్రెస్సా లేచి తన చోటికి వచ్చి కూర్చుంది. బూట్లు విప్పలేదు. అక్కడున్నవాళ్లందరికీ కాలి పెట్టె కనబడుతుందని.

అప్పుడు మగవాళ్ల వైపు నుంచి సిలిండరు చక్రాల చప్పుడు వినబడింది. అంతవరకూ ఏ మగాడూ నడిమి దారి దాటి ఆడవాళ్ల వైపు పాదాలు కడగడానికి వచ్చింది లేదు. ఎల్వుడ్ అయ్యగారు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. బర్ల్ ఒక చేత్తో బేసిన్, ఒక చేత్తో సిలిండరు లాక్కుంటూ వచ్చాడు. నీళ్లు సగం దారిలోనే ఒలికాయి. బెంచీ పట్టుకుని మెల్లిగా, దగ్గుతూ, మోకాళ్ల మీదికి దిగాడు.

"బూట్లు తియ్యి."

"వద్దు మామయ్యా. మీరు నాకు కడగడం..."

"తియ్యమ్మాయ్. మళ్లీ లేవాలంటే నలుగురు పట్టాలి నన్ను. కింద ఉన్నప్పుడే పని కానీ."

ఎవరో ఏడుస్తూనే నవ్వారు. ఆయన ఆ పాదాలు నీళ్లలో పెట్టాడు. పెట్టె కిందికి వేలు దూర్చి, ఒరుసుకుని ఎర్రబడ్డ చర్మం కూడా కడిగాడు. తువ్వాలుతో వేళ్ల సందులు తుడిచాడు.

"నీ మీద కోపం పోలేదు," అన్నాడు ఆమెకి మాత్రమే వినబడేలా. "పోయాక క్షమిద్దామని చూశా. అది పోయేలా లేదు. నేనే ముందు పోయేలా ఉన్నా. అందుకని ఉండగానే క్షమిస్తున్నా. ప్రభువు నాకలాగే చేశాడు, నేను బాగుపడే దాకా ఆగలేదు."

ట్రెస్సా ఆయన తలమీద చెయ్యి వేసింది. ఆయన తీసెయ్యమనలేదు.

ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఎక్కువ మాటలేమీ లేవు. చలికాలం మొదట్లో పెట్టె విప్పారు. ట్రెస్సాకి ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పని దొరికింది. ఆ తరవాతి ఏడు బర్ల్ మంచం పట్టాడు. నర్సు నొప్పి తగ్గించే చుక్కల మందు తెచ్చి, ఎవరి చేతికివ్వాలని అడిగింది.

"ట్రెస్సాకివ్వు," అన్నాడు బర్ల్.

"వద్దు," అంది ట్రెస్సా. "నన్ను నమ్మొద్దు మామయ్యా. మీరు క్షమించారని నాలోని ఆకలి చచ్చిపోలేదు. వదిన పోస్తుంది. నేను ఒళ్లు తుడుస్తా, పక్క మారుస్తా, పక్కన కూర్చుంటా."

ఇమోజీన్ మర్నాడే తన సామాను తెచ్చుకుని ఆ ఇంట్లో దిగింది. ఇద్దరు ఆడవాళ్లూ వంతులు వేసుకుని ఆయన్ని కనిపెట్టుకున్నారు. మందు తాళంచెవి ఇమోజీన్ మెడలో ఉండేది. ఆమె మందు కొలిచేటప్పుడు ట్రెస్సా గదిలోంచి బయటికి వచ్చి వాగు వైపు తిరిగి నిలబడేది. ఒక ఆదివారం పగలు, గుడి నుంచి వచ్చినవాళ్లు వసారాలో పాడుతుండగా, నొప్పి లేకుండా, నిద్రలో పోయాడు బర్ల్.

భూస్థాపన అయ్యాక ఇద్దరూ సమాధుల గుట్ట దిగి వస్తున్నారు. దారి నిట్టనిలువు, బురద. ఇమోజీన్ ఆగి, రొప్పుతూ అంది.

"నిన్ను క్షమించానో లేదో నాకే తెలీదు. పొద్దున లేచి క్షమిస్తా. సాయంత్రానికి పోతుంది. మర్నాడు మళ్లీ మొదలుపెడతా."

"అంతే చాలు వదినా."

"చాలదు. కానీ అంతే ఉంది నా దగ్గర." అని, కాలు జారబోతే ట్రెస్సా భుజం గట్టిగా పట్టుకుంది. కింది దాకా ఆ చెయ్యి అక్కడే ఉంచింది.